దయయు న్యాయమును

దయ గొప్పదా, న్యాయము గొప్పదా యని యడిగినచో మనలో ననేకులు వెంటనే దయయే గొప్పదని చెప్పుదురు. న్యాయము కొలిచి యిచ్చును, దయ కొలువక యిచ్చును. కాబట్టి దయయే మేలని మన తలంపు. ఇచ్చువాని వైపునుండి చూచినప్పు డీ మాట సత్యమువలెనే తోచును. పుచ్చుకొనువారి వైపునుండి చూచినప్పుడు మాత్ర మొక సందేహము పుట్టును. కొలిచి యిచ్చినది నాది. దానిని నే నడిగి తీసికొనవచ్చును, మరల నెవ్వరును లాగికొనజాలరు. కొలువక యిచ్చినది యిచ్చినవాని మనస్సునుబట్టి నిలుచును. ఆ మనస్సు మారిననాడు నా గతి యేమి?

ఈ సందేహమును గూర్చి యొక్కింత యాలోచించుటకై చదువరులను చాల దూరమునకు, చాల వెనుకటి కాలమునకు తోడ్కొని పోవుచున్నాను. మన యింటిలోని తప్పు మన కంటికి నిత్యము కనబడుచుండుటచేతనే కనబడకుండును. అదియే పరుల యింట నున్నచో చక్కగా నగపడును.

ఇంగ్లాండు దేశపు టీశాన్యతీరమున టైను అను నది ఉత్తరసముద్రములో గలియు చోట, దక్షిణపు గట్టున, సౌత్ షీల్డ్స్ అను పట్టణము కలదు. అచ్చట నదీముఖమునకు మీదుగా నున్న యొక మిట్టపై రోమనులు కట్టిన సరిహద్దు దుర్గముయొక్క శిథిలము లున్నవి. దానిని అర్బెయా యని పిలుతురు. హేడ్రియను చక్రవర్తి క్రీ. శ. 122వ సంవత్సరమున నా ద్వీపమున కడ్డముగా, తూర్పున టైను నదినుండి పడమటి తీరమువరకు, ఇంచుమించు 117 కిలోమీటర్ల పొడవున నొక గోడను కట్టింప నారంభించెను. ఆ గోడ తూర్పుకొన దాటిన తరువాత, సముద్రమునకు మరింత చేరువగా నుండి, యీ దుర్గము నదీముఖమును రేవును కాచుచుండెను. మనకిప్పుడు కనబడు రాతి దుర్గము 160 ప్రాంతమున లేచినది.

208వ సంవత్సరమున సెప్టిమియస్ సెవెరస్ చక్రవర్తి యుత్తరదిక్కున నున్న కాలిడోనియా జనులపై దండెత్తి వచ్చెను. అప్పుడీ దుర్గమును సైన్యములకు ధాన్యము సమకూర్చు కొఠారుగా మార్చిరి. ఒక దుర్గమునకు సాధారణముగా రెండు గాదెలు చాలును. ఇచ్చట నిరువది గాదెలకు పైగా పునాదు లగపడుచున్నవి. నేలతేమ ధాన్యమున కంటకుండ గాదెల యడుగును ఎత్తుచేసి, క్రింద గాలి యాడుటకు ఖాళీ విడిచిరి. ఓడలపై వచ్చిన ధాన్యమిచ్చట దిగి, నిలువయై, మరల నుత్తరమునకు ప్రయాణము చేయుచుండెను. సరకులకు వేసిన చక్రవర్తి సీసపు ముద్రలు నేటికిని మట్టిలో దొరకినవి. సెవెరస్ 211వ సంవత్సరమున యార్కు పట్టణమున మరణించెను. అతని కుమారులు దండయాత్రను విరమించిరి. గాదెలు మాత్రము నిలిచినవి. రోమను ప్రభుత్వపు కడపటి కాలమునాటి యుద్యోగపట్టికనుబట్టి చూడగా, టైగ్రిసు నది నావికుల పేరుగల దళమొక్కటి యిచ్చట కాపురముండెను. ఎచ్చటి టైగ్రిసు, ఎచ్చటి టైను!

రోమను రాజ్యము పోయిన తరువాత మిట్ట మట్టిపాలైనది. 1875లో నచ్చట నిండ్లు కట్ట పూనుకొన్నప్పుడు త్రవ్వకములు జరిగి దుర్గము బయటపడెను. కొంతభాగమును ప్రజలు చూచుటకై విడిచి, తక్కినదానిపై వరుసలు వరుసలుగా నిండ్లు కట్టిరి. నూరేండ్లు కావచ్చిన తరువాత నా యిండ్లను తొలగించి మరల త్రవ్విరి. 1988 నాటికి పడమటి ద్వారమును పాత పునాదులమీదనే పూర్వరూపమున లేపి నిలిపిరి. ఇప్పు డచ్చటికి పోయినవా రా ద్వారముక్రిందుగా లోపలికి ప్రవేశించి గాదెల పునాదులను, సైనికుల నివాసముల పునాదులను చూడవచ్చును.

ఈ శిథిలములలో మొట్టమొదట తోచునది రోమనుల క్రమము. వీథులు తిన్నగా నున్నవి. సేనాధిపతి గృహమెచ్చట, సామాన్య భటుల గదు లెచ్చట, ధాన్య మెచ్చట నన్నది ముందే నిర్ణయింపబడినది. ఇంత క్రమముగల జాతి, న్యాయశాస్త్రమును లోకమునకు నేర్పిన జాతి, మనుష్యుని మనుష్యుడు కొనుట అమ్ముటయను విషయమున నెట్లుండెను? గాదెల రాళ్లు దీనికి జవాబు చెప్పవు. జవాబు చెప్పునవి సమాధిశిలలు.

1878వ సంవత్సరమున నీ దుర్గమునకు సమీపమున నొక సమాధిశిల దొరకినది. అది రెండవ శతాబ్దమునాటిదని పండితులు నిర్ణయించిరి. చిన్న గుడిముఖమువంటి చట్రములో నొక స్త్రీ యెత్తైన వీపుగల యల్లిక కుర్చీపై కూర్చుండియున్నది. మెడలో కంటె, చేతులకు కడియములు. ఎడమచేత నున్ని చుట్టిన కోలయు కదురును. కుడిచేత నగలపెట్టె మూతను తెరచి పట్టుకొన్నది. ప్రక్కను ఉన్నియుండలు నిండిన బుట్ట. కలిగిన యింటి యిల్లాలని చూచినంతనే చెప్పవచ్చును. ముఖము మాత్రము పగిలిపోయినది. కన్నులు, ముక్కు, నోరు నేమియు మిగులలేదు.

క్రింద రెండు భాషలలో వ్రాతలున్నవి. మొదటిది లాటిను. దాని తాత్పర్యమిది: ఈమె రెజీనా, కాటువెల్లౌని జాతిలో పుట్టినది, ముప్పది యేండ్లు జీవించినది, పామీరా నివాసియగు బరాతే తాను దాస్యమునుండి విడిపించి పెండ్లియాడిన భార్యకై దీనిని నిలిపెను. కాటువెల్లౌనులు దక్షిణ ఇంగ్లాండున, నేటి లండను నగరమున కుత్తరముగా వసించిన బ్రిటను జాతివారు. పామీరా సిరియా దేశపు టెడారిలోని వర్తకనగరము. బరాతే సైనికుడో, వర్తకుడో, ఆ శిల చెప్పదు. ఆ లాటినులో వ్యాకరణదోషము లున్నవి. అది యతనికి పరాయి భాష. దాని క్రింద పామీరా లిపిలో, తడబాటు లేని చేతితో, ఒక్క పంక్తి చెక్కబడినది. రెజీనా, బరాతే విడిపించిన స్త్రీ, అయ్యో యని దాని యర్థము.

ఈ శిలను గూర్చి చదివిన సంస్కారప్రియునకు మొదట గలుగునది యానందమే. తూర్పుదేశపు పురుషుడు, పడమటి దీవి స్త్రీ. ఇద్దరును రోమనులు కారు. రోమనుల సరిహద్దున గలిసికొనిరి. జాతి యడ్డురాలేదు, భాష యడ్డురాలేదు. దాసురాలై యుండిన దానిని విడిపించి, భార్యగా నంగీకరించి, రాళ్లతో నామె పేరు నిలిపినాడు. ఆ మారుమూల రేవున పామీరా లిపిని చదువగలవా రెందరుండిరి? ఎవ్వరును చదువకున్నను తన మాతృభాషలో నొక్క మాట యేడ్వవలెనని యతనికి తోచినది. ఇది ప్రేమ కాదని యెవ్వరనగలరు? నేననను.

అయినను శిలను మరియొకసారి చదువవలెను. విడిపించినవాడు, విడిపించుటకు ముందు, యజమానుడై యుండెను. అనగా నామె యతని సొమ్ము. లాటినున రెజీనా యనగా రాణి. రాణియను పేరుగల యామెను వెలకట్టిన దినమొకటి యుండెను. ఆ దినమున నామెకు ముప్పది యేండ్లైన నిండలేదు. ఆమె యెట్లు దాస్యమున పడెనో శిల చెప్పదు. ఎట్లు పడినను తన యిష్టమున పడియుండదు. అటుతరువాత యజమానుడు పెండ్లియాడెదనన్నప్పుడు కాదనుటకు నామెకు శక్తి యున్నదా? ఆమె సంతోషముతో నొప్పుకొన్నదే కావచ్చును. కాని వలదనుటకు వీలులేని చోట నొప్పుకొనుట కెంత విలువ? తలుపు మూసిన గదిలో కూర్చున్నవాడు తన యిష్టముచేతనే కూర్చున్నాడా యన్నది తలుపు తెరచినప్పుడుగదా తెలియును.

ఆ కాలపు శాసనములు చూచిన నీ సందేహము మరింత బలపడును. క్రీ. శ. 4వ సంవత్సరపు రోమను శాసన మొకటి ముప్పది యేండ్ల లోపు దాసులను విడిపించుటకు అడ్డంకులు పెట్టెను. దాసురాలిని పెండ్లియాడుటకై విడిపించుచున్నానన్నచో నా యడ్డంకి తొలగుచుండెను. ఆగస్టసు చక్రవర్తినాటి మరియొక శాసనము ప్రకారము, తన్ను విడిపించిన యజమానుని పెండ్లియాడిన స్త్రీ యతని యనుమతి లేక యతనిని విడిచి వేరొకని పెండ్లియాడరాదు. స్వతంత్రురాలై పుట్టిన భార్యకు లేని సంకెల యిది. ఇవి రోమను పౌరులకు జెందిన విధులు. ఒక్క పేరే గల బరాతే పౌరుడు కాకపోవచ్చును. కాని విమోచనమును ఆ లోకమెట్లు భావించెనో వీనివలన తెలియుచున్నది. విడిపించుట యనగా కట్టు విప్పుట కాదు, కట్టుత్రాడును పొడిగించుట. త్రాటి రెండవకొన యజమానుని చేతిలోనే యుండెను.

ఈ దుర్గముకడనే దొరకిన మరియొక శిలను గూడ చెప్పి ముందునకు పోయెదను. అది విక్టరు అను యువకునిది. ఉత్తరాఫ్రికాలోని మూరు జాతివాడు. ఇరువది యేండ్లు జీవించెను. అస్టూరియనుల ఆశ్వికదళమున భటుడైన న్యుమేరియానసు అతనిని విడిపించెను. ఆ యజమానుడే మిక్కిలి భక్తితో నంత్యయాత్ర నడిపినట్లు వ్రాయబడినది. శిలపై విక్టరు పాన్పుమీద నొరగి విందారగించుచున్నాడు. ఆ పాన్పుకడ మిగుల చిన్నవాడొకడు నిలిచి పానపాత్రను పైకెత్తి యతని కందించుచున్నాడు. ఎవడా చిన్నవాడు? దాసుడు. దాస్యమునుండి విడివడిన యువకుని గౌరవించుటకు శిల్పి యతనికొక దాసుని చెక్కెను! యజమానుని దయ విక్టరును పాన్పుమీదికెక్కించెను. పాన్పుక్రింద నిలుచు స్థలము ఖాళీకాకుండ మరియొకడు వచ్చెను. దయ మనుష్యులను తరచుగా చోటు మార్చును, చోటులను మార్చదు.

ఇందుకు కొన్ని యాక్షేపణలు రావచ్చును. కాలధర్మమట్టిది, నేటి తూనికరాళ్లతో నాటివారిని తూచరాదని కొందరందురు. నేను బరాతేను దోషియని నిలువబెట్టుటలేదు. కాని కాలమునకు తెలియనే తెలియదనుట సత్యము కాదు. సెనెకా యను రోమను తత్త్వవేత్త మొదటి శతాబ్దముననే దాసులును మనుష్యులేయనియు, వారితో గూడి భుజించుటకు సిగ్గుపడరాదనియు వ్రాసెను. జస్టీనియను చక్రవర్తి 533లో ప్రకటించిన ధర్మశాస్త్రసంగ్రహమున దాస్యము ప్రకృతికి విరుద్ధమైనదని నిర్వచనమే కలదు. తెలిసినదిగదా! తెలిసియు నేమి చేసిరి? సెనెకా దాసులయెడ దయగా నుండుడని చెప్పెనే కాని దాస్యమును తీసివేయుడని కోరలేదు. జస్టీనియను గ్రంథము ప్రకృతివిరుద్ధమని చెప్పిన పిమ్మట దాసులనుగూర్చిన విధులనే వివరించుచు పోయెను. మంచివారికి దయ యొక విశ్రాంతిస్థానమైనది. నేను కొట్టుటలేదు, తిట్టుటలేదు, కడుపునిండ పెట్టుచున్నాను అనుకొనువాని మనస్సునకు, అసలు వీడు నాకు సొమ్మెట్లయ్యెనన్న ప్రశ్న తోచదు. క్రూరుని చూచి దాస్యము చెడ్డదని లోకమనుకొనును; దయాళువును చూచి దాస్యములో మంచియు నున్నదనుకొనును. ఈ విధముగా నన్యాయమునకు దీర్ఘాయువు పోయునది క్రూరునికంటె దయాళువేయని చెప్పవలసివచ్చుచున్నది.

దయ లేకుండుటకంటె నుండుట మేలుకాదా యని మరికొందరడుగుదురు. మేలే. నీట మునుగుచున్నవానికి చేయి యందించుట మేలు. కాని ప్రతిదినమును మనుష్యులు మునుగుచున్న చోట వంతెన కట్టక, నేను పదిమందిని లాగితినని తృప్తిపడుట మేలుకాదు. దయ ప్రారంభమునకు తగును, ముగింపునకు తగదు. దయచేత కన్ను తెరచి, న్యాయముచేత పని ముగింపవలెను.

ఇంతవరకును పరుల యింటి ముచ్చట. ఇక మన యింటికి రావలెను. నా బాల్యమున మా యింట నొక వృద్ధురాలు పనిచేయుచుండెను. ఆమెను మేము అవ్వా యని పిలుచుచుంటిమి. పండుగకు మా తల్లి యామెకు చీర పెట్టుచుండెను. జబ్బుచేసినప్పుడు మందు తెప్పించుచుండెను. అవ్వకు జీతమెంతయని చిన్నతనపు తెలియమిచే నేనొకసారి యడిగితిని. అవ్వకు జీతమేమిటి, మన యింటి మనిషికదా యని జవాబు వచ్చినది. ఆ యింటిమనిషి తిను పళ్లెము పెరటి గోడప్రక్కను వేరుగా నుండెను. ఒకయేడు మా యింట పెండ్లి పనులు జరుగుచుండగా, తన కుమార్తె ప్రసవమునకు పోయివత్తునని యామె యడిగినది. పెద్దలు కోపపడలేదు. ఇన్నాళ్లు చూచుకొన్నందుకు సమయమునకు విడిచిపోవుదువా యని నొచ్చుకొనిరి. అవ్వ పోలేదు. కోపించియుండిన నామె వెళ్లియుండునని నాకిప్పుడు తోచుచున్నది. జీతమునకు లెక్క యున్నది, తీర్చివేసి వెళ్లవచ్చును. దయకు లెక్క లేదు, ఎన్నటికిని తీరదు. ఆ తీరని ఋణమే యామె కాలికి సంకెల.

మా పెద్దలు చెడ్డవారు కారు. బరాతే చెడ్డవాడు కాడు. ఇదియే నేను చెప్పదలచిన కష్టము. చెడ్డవారి తప్పు దిద్దుట సులభము. మంచివారు మంచితనముచేత చేయుచున్న తప్పును చూపుట మిక్కిలి కష్టము.

ఇంకను దగ్గరకు పోదము. చదువుకొన్న మన కుటుంబములలో వినబడు మాట యొకటి కలదు. మావారు నాకు పూర్తిగా స్వేచ్ఛ నిచ్చినారని భార్య సంతోషముతో చెప్పును. మా యింట నాడపిల్లలకు స్వేచ్ఛ నిచ్చినామని తండ్రి గర్వముతో చెప్పును. ఆ సంతోషమును గర్వమును గూడ నిజమైనవే. కాని ఇచ్చినాము అన్న క్రియకు కర్త యెవరో చూడుడు. నాకు గాలి పీల్చుకొనుటకు సెలవిచ్చినారని యెవ్వరైన చెప్పుదురా? తనదానిని తనకిచ్చినందులకు కృతజ్ఞత చెప్పవలసివచ్చినచో, అది యంతవరకు మరియొకరి పెట్టెలో నుండెనన్నమాట. పెట్టె తాళపుచెవి యిప్పుడును వారియొద్దనే యున్నదన్నమాట.

కాబట్టి మన యింట నున్నది దయయో న్యాయమో తెలిసికొనుటకు మూడు ప్రశ్నలు చాలును. మన యింటి పనిమనిషి గాని, కోడలు గాని, కుమార్తె గాని, భయములేక కాదని చెప్పగలదా? తనకు రావలసినదానిని ప్రాధేయపడక యడుగగలదా? వెళ్లిపోదలచినచో కృతఘ్నురాలనిపించుకొనక వెళ్లగలదా? ఈ మూటికిని ఔనని జవాబు చెప్పగల యింట దయ భూషణము. చెప్పలేని యింట దయ ముసుగు. అట్టి యిండ్లలో దయను తగ్గింపుడని నేను చెప్పుటలేదు. పనిమనిషికి జీతమును సెలవును ముందుగా నిర్ణయించి, పండుగ చీరను దానిపై నీయుడు. ఆస్తిలో కుమార్తె భాగమును భాగముగా నిచ్చి, ముద్దుమురిపెములను దానిపై జూపుడు. న్యాయము తీరిన పిమ్మట నిచ్చు దయ యెవ్వరిని వంగజేయదు.

మరల నా నదీముఖమునకు పోయి విరమింతము. అర్బెయాలో రాజ్యము లెక్కపెట్టిన ధాన్యమున్న గాదెలు పునాదులుగా మిగిలినవి. లెక్కలోనికి రాని రెజీనా శిలపై మిగిలినది. కాని యా శిలపై మాటలాడువాడు బరాతే. ఆమె పుట్టుక యతడు చెప్పెను. ఆమె వయస్సు నతడు చెప్పెను. తాను విడిపించితినని లాటినున నొకసారి, తన భాషలో నొకసారి, మొత్తము రెండుమారులు చెప్పెను. భార్యయను మాట లాటినున నున్నది. మాతృభాషలోని పంక్తిలో లేదు. అతడు తక్కువచేయదలచి యట్లు వ్రాసెననుకొనను. తాను చేసిన మేలునే యామెకు బిరుదుగా నిచ్చెను. కడపటి అయ్యో యన్నది పామీరా సమాధులపై వాడుకగా చెక్కు మాటయేయైనను, అంత దూరమున నది వాడుకకొరకు మాత్రమే చెక్కబడెనని నమ్మలేము.

అతని దుఃఖమును మనము గౌరవింతము. అయినను ఆ పగిలిన ముఖమును చూచినప్పుడెల్ల నాకొక్కటి తోచుచుండును. శిల మీద నామె తన్నుగూర్చి తాను రెండు మాటలు చెప్పుకొనగలిగియుండినచో, విడిపింపబడినదానను అని మొదలుపెట్టియుండునా, రెజీనాను అని మొదలుపెట్టియుండునా? మన యిండ్లలో నిప్పుడు మన దయక్రింద బ్రదుకుచున్నవారికి నోరున్నది, ముఖమున్నది. వారిని మనమింకను అడుగవచ్చును.